ఇంట్లో ఎవరికైనా ఉందా?

"మీ ఇంట్ల ఎవరికన్న ఇట్లాంటి రోగం ఉందా?"

వరంగల్ స్టేషన్ రోడ్డులోని ప్రైవేటు దవాఖానలో డాక్టరు తల ఎత్తకుండానే అడిగాడు. అది 1986 వానాకాలం.

"ఎవలికి లేదు సారు" అంది మొగిలమ్మ.

ఆమె కొడుకు కట్టయ్యకు చిన్నప్పటి నుంచీ దగ్గు, జ్వరం, చెవిలో చీము. ఇప్పుడు కడుపునొప్పి. రెండు ముద్దలు తింటే కక్కుకుంటున్నాడు.

"గ్యాసు. గోలీలు రాస్త."

"ఉన్నది సారూ!"

అందరూ తిరిగి చూశారు. తలుపు దగ్గర చేతిలో మందుల చీటీతో, చిక్కి శల్యమైన ఒక ఆడమనిషి. కట్టయ్య ఆమెను ఎన్నడూ చూడలేదు.

"ఆయన ఇంట్ల ఇద్దరు పోయిండ్రు సారూ. చిన్నప్పటి సంది దగ్గు, ఆఖరికి కడుపుల గడ్డ. జర నోట్లకెల్లి కడుపులకు గొట్టం ఏసి చూడుండ్రి, మీ కాల్మొక్త!"

"నువ్వేమైతవు ఆయనకు?"

ఆమె మొగిలమ్మ వైపు చూసింది. తర్వాత తల దించుకుంది.

"ఏం గాను సారు."

డాక్టరు నవ్వాడు. ఏమీ కాని మనిషికి ఇంత సంగతి ఎట్లా తెలుసని అడిగితే ఆయన సొమ్మేం పోయేది? అడగలేదు.

"ఎవతో పిస్సది సారు, మతి లేదు" అంది మొగిలమ్మ గబగబా.

కట్టయ్యకు ఒళ్లు మండింది.

"నేను సావాల్నని మొక్కుకున్నవా ఏందే? పో ఈడికెల్లి!"

కాంపౌండరు ఆమె రెక్క పట్టి బయటికి నెట్టాడు. బెంచీల మీది పెద్దమనుషులు ఒక్కరూ వద్దనలేదు. పైగా పీడ వదిలిందన్నారు.

ఆమె గేటు అవతల నుంచి అరుస్తూనే ఉంది.

"గొట్టం ఏపిచ్చుకో తమ్మీ! గోలీలు నమ్మకు!"

చలికాలమంతా కట్టయ్య ఆ గోలీలే మింగాడు. నెత్తురు కక్కుకున్నాక హైదరాబాదు తీసుకుపోయారు. అక్కడి డాక్టరు గొట్టం వేసి చూశాడు.

"కడుపులో కేన్సర్. పుట్టుకతోనే రోగాలను ఆపే శక్తి తక్కువున్న వాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. కొన్ని కుటుంబాల్లో వరసగా వస్తుంది. వానాకాలంలోనే చూసి ఉంటే కోసి తీసేవాళ్లం, ఇప్పుడు చెయ్యి దాటింది. ముందే ఎవరూ చెప్పలేదా?"

"ఒకామె చెప్పింది సారు. తిట్టి ఎల్లగొట్టిన."

కట్టయ్య మొగిలమ్మ వైపు తిరిగాడు.

"అవ్వా, ఆమెను ఎతుకుదామే. కాళ్ల మీద పడ్త."

"పోయిన నెల సచ్చిపోయింది బిడ్డా. గీ రోగం తోటే."

"నీకెట్ల ఎరుక?"

మొగిలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత కొంగు తీసి చెప్పింది.

"నిన్ను నేను కనలే బిడ్డా, సాదుకున్న. నీకు ఎన్నడు చెప్పద్దని నిన్ను కన్న ఇంటోళ్లందరితోటి ఒట్టేయించుకున్న. ఆమె నీ తోడబుట్టిన అక్క."