ఖాళీ అంచనా

చీరాలలో ఇళ్లలోని కంప్యూటర్లన్నీ ఖాళీ వేళల్లో తుపాను లెక్కలు చేసిపెట్టే కాలమది. పాత అలవాట్లను బట్టి, ఏ ఇంటి కంప్యూటర్ ఎప్పుడు ఖాళీ అవుతుందో అంచనా ముందే వచ్చేది. దాన్ని చూసి వీధిలో పని పంచేది తులశమ్మ.

ఆ ఆదివారం, ఎదురింటి హైమవతి కంప్యూటర్ సాయంత్రం నుంచి ఖాళీ అని అంచనా వచ్చింది. హైమవతి దానిమీద చీరల డిజైన్లు గీసి బతుకుతోంది. ఒక్క పూట కూడా మానే మనిషి కాదు. కిందటిసారి ఇలాగే వచ్చినప్పుడు, మర్నాడు చేతికి కట్టుతో కనబడి, మెట్ల మీద జారానంది.

సాయంత్రం పని పంచబోతుంటే తులశమ్మకు ఆ కట్టు గుర్తొచ్చింది. రోకలి పట్టుకుని పరుగెత్తింది.

తలుపు తోసేసరికి హైమవతి మొగుడు వీరభద్రం ఆమె జుట్టు పట్టుకుని తలను గోడకేసి కొడుతున్నాడు. గోడంతా నెత్తురు.

"వదలరా" అంది తులశమ్మ.

అతను వదల్లేదు. రెండో చేత్తో భార్య గొంతు నులిమాడు. తులశమ్మ రోకలితో అతని మోకాలి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడైంది. అతను కూలబడ్డాక కూడా ఇంకో దెబ్బ వేసింది.

హైమవతి నోట్లోని నెత్తురు ఉమ్మి, "నీకెట్టా తెలిసిందత్తా?" అంది. తులశమ్మ అంచనా సంగతి చెప్పింది.

"నన్ను కొడతాడని దానికి ముందే తెలుసా?"

"నువ్వు పనిలో ఉండవని మటుకే తెలుసమ్మా. ఎందుకుండవో కిందటిసారి నేనే ఆలోచించలా."

హైమవతి గోడ పట్టుకుని లేచింది. కంప్యూటర్ తీగలు పీకి, దాన్ని చంకన పెట్టుకుని, మూలుగుతున్న మొగుణ్ణి దాటింది.

"మీ ఇంట్లో దీనికింత చోటియ్యత్తా. రేపటి డిజైన్ అక్కడే గీస్తా" అంది.