ఎనిమిది మార్కులు ఎక్కడికి పోతాయి?

ఏడోసారి కూడా ఆ మనిషి ఏదో ఒకటి మరిచిపోయే వస్తాడని మూడో కౌంటర్ అమ్మాయికి గట్టి నమ్మకం. పొద్దున్నుంచి తలుపు వంక చూసి చూసి ఆమె మెడ పట్టేసింది.

యూనివర్సిటీ పరీక్షల విభాగంలో మూడో కౌంటర్‌కి పని ఒక్కటే. శాతాల్లో ఉన్న మార్కుల్ని గ్రేడ్ పాయింట్లలోకి మార్చి, ముద్ర వేసి, కవరు అంటించి, విద్యార్థి చేరబోయే కాలేజీకి పంపడం. ఎనభై, ఆపైన వస్తే నాలుగు పాయింట్లు. డెబ్బై నుంచి డెబ్బై తొమ్మిది దాకా మూడున్నర. అరవైల్లో ఉంటే మూడు. ఒక్కో సబ్జెక్టు పాయింట్లని దాని క్రెడిట్లతో హెచ్చవేసి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే సరి. కంప్యూటర్ చిటికెలో తేల్చేస్తుంది గానీ, ఆమె ముందు పెన్సిల్‌తో చేసుకుంటే తప్ప నమ్మదు.

అతను మొదటిసారి వచ్చింది మూడు వారాల కిందట. ఆరు సెమిస్టర్ల మార్కుల జాబితాలు తేవాల్సినవాడు నాలుగే తెచ్చాడు. ఆమె కోప్పడింది. కోప్పడటం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. రెండోసారి ఆరు కాగితాలూ తెచ్చాడు గానీ, అందులో మూడో సెమిస్టర్‌వే రెండున్నాయి. మూడోసారి ఫోటో లేదు. నాలుగోసారి ఫోటో ఉంది, సంతకం లేదు. ఇంత మతిమరుపు మనిషికి చరిత్రలో డెబ్బై తొమ్మిది ఎలా వచ్చిందా అని ఆమె బుర్ర గోక్కుంది.

అసలు తంటా అంతా ఆ డెబ్బై తొమ్మిది దగ్గరే వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు అతను అద్దం అవతల నుంచి ఆమె పెన్సిల్ వంకే చూస్తూ నిలబడ్డాడు.

"డెబ్బై ఒకటికీ మూడున్నరే, డెబ్బై తొమ్మిదికీ మూడున్నరేనా?" అని అడిగాడు.

"అవునండీ."

"మరి ఆ ఎనిమిది మార్కులు ఎక్కడికి పోతాయండీ?"

ఉద్యోగంలో చేరిన మూడేళ్లలో ఆమెని ఎవరూ ఆ మాట అడగలేదు. ఎప్పుడొస్తుంది, ఎందుకింత తక్కువొచ్చింది, మీకు లెక్కలొచ్చా అని అడిగినవాళ్లే అందరూ.

"ఈ గదిలోనే ఎక్కడో పడి ఉంటాయి. వెళ్లేటప్పుడు ఏరుకుని వెళ్లండి" అంది.

అతను నిజంగానే వంగి కౌంటర్ కింద వెతికాడు. అతని వెనకున్న క్యూ అంతా, సంగతేమిటో తెలియకపోయినా, వంగి వెతికింది. ఆ సాయంత్రం ఆమె బస్సులో తనలో తనే నవ్వుకుంటూ, దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులు పోయింది. ఇంట్లో వాళ్లమ్మ ఇంత ఆలస్యమేంటని అడిగితే, లెక్క తేలలేదని చెప్పింది.

ఐదోసారి అతను ఆకుపచ్చ సిరాతో సంతకం చేసుకొచ్చాడు. సిరా రంగు సంగతి ఆ ఆఫీసులో ఎవరూ పట్టించుకోరు. ఆమె పట్టించుకుంది. నీలం సిరాతో రమ్మని తిప్పి పంపి, ఆ తర్వాత రెండు రోజులు సిగ్గుతో చచ్చిపోయింది. పక్క టేబుల్ హెడ్ క్లర్కు ఊరుకోలేదు.

"ఏమ్మా, ఆ అబ్బాయి ఫైలొక్కటే ఇంత లావెక్కిందేంటి? భోజనం గానీ పెడుతున్నావా?" అంది.

"పోక్కా" అని మాత్రం అనగలిగిందామె.

ఆరోసారి నీలం సిరా వచ్చింది, ఒరిజినల్ కాగితాలు ఇంట్లో ఉండిపోయాయి. ఈసారి ఆమెకి కోపం కాదు, భయమేసింది. ఫారంలో చివరి తేదీ అనే గడిలో అతను రాసింది ఈ శుక్రవారమే. ముద్ర పడితే అతనిక రాడు. పడకపోతే అతని చదువు పోతుంది. తన సరదా కోసం ఒకరి సీటు పోగొట్టడం ఆమె వల్ల కాదు. ఇవాళే ఆ శుక్రవారం; అతను తల మరిచిపోయి వచ్చినా సరే, ఫైలు కదిలించి తీరాలనుకుంది.

నాలుగున్నరకి వచ్చాడు. కాగితాలన్నీ ఉన్నాయి. ఆమె మళ్లీ పెన్సిల్ పట్టి మళ్లీ మూడు పాయింట్ నాలుగు రెండే తేల్చింది. ముద్ర తీసింది. వేసింది. అప్పుడు చూసుకుంది, కాలేజీ పేరుంది గానీ కవరు ఏ విభాగానికి పంపాలో ఆ గడి ఖాళీ.

"ఊరి అవతలి చివరే కదండీ, నేనే చేత్తో ఇచ్చేస్తాను" అన్నాడతను.

చేతికివ్వకూడదని ఆమె చెప్పింది. ఆఫీసు బండి ఐదింటికి వెళ్తుందని, ఒక్క ఫోన్ చేసి కనుక్కుంటే పనైపోతుందని చెప్పింది.

"ఫోనెందుకండీ, సోమవారం కనుక్కుని వస్తాను."

"సోమవారానికి మీ సీటుండదు" అంటూ ఆమె అప్పటికే నంబరు తిప్పేసింది. మర్చిపోయినందుకు సిగ్గుపడుతున్నాడు కాబోలు, అతని చెవులు ఎర్రబడ్డాయి. అవతల ఫోనెత్తిన పెద్దాయన గొంతు క్యూ చివరిదాకా వినిపించేలా ఖంగుమంది. ఆమె అతని రిజిస్టర్ నంబరు చెప్పి, గ్రేడ్ పాయింట్ల కవరు ఎక్కడికి పంపమంటారని అడిగింది.

"మాకు గ్రేడ్ పాయింట్లెందుకమ్మా, మేం శాతాలే చూస్తాం, ఆ మాట నెల కిందట సీటిచ్చిన రోజే ఆ అబ్బాయికి చెప్పాం కదా" అన్నాడాయన.