యాక్సిడెంటు కాదు, ఇన్సిడెంటు

“యాక్సిడెంటని రాస్తావేంటయ్యా? కొట్టేసి ఇన్సిడెంటని రాయి!” అన్నాడు సూపర్‌వైజరు, నా రిజిస్టరు మీదికి వంగి.

ఎదురుగా స్టూలు మీద, గాజు పలకలు ప్యాక్ చేసే అక్క కూర్చుంది. నెల కిందట పలక జారి ఆమె ఎడమచేతి చిటికెన వేలు తెగిపోయింది. గాయం మాని ఇవాళే డ్యూటీకి వచ్చింది. రిజిస్టరులో ఆ రోజు గడి మాత్రం ఇన్నాళ్లూ ఖాళీగానే ఉంది.

“రెంటికీ తేడా ఏంటి సార్?” అంది అక్క.

“చాలా ఉందమ్మా. యాక్సిడెంటంటే ఎవరిదో తప్పున్నట్టు. ఇన్సిడెంటంటే ఊరికే జరిగినట్టు.”

“ఊరికే జరిగితే నొప్పి తగ్గుతుందా?”

“నీకు కాదు, మాకు తగ్గుతుంది,” అని నాలిక్కరుచుకున్నాడు. “ఆ గోడ మీద బోర్డు చూడు. యాక్సిడెంటు లేకుండా రేపటికి నాలుగువందల రోజులు. అందరికీ బహుమతి! నీ ఒక్క వేలి కోసం మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టమంటావా?”

నేను కొట్టేశాను. దాపరికమెందుకు, బహుమతి నాకూ వస్తుంది.

సూపర్‌వైజరు మురిసిపోతూ సొరుగులోంచి ఒక ప్యాకెట్టు తీశాడు. “అందరికంటే ముందు నీకే. తొడుక్కో.”

తోలు గ్లవ్స్. రెండేళ్లుగా మేమంతా కాళ్లావేళ్లా పడి అడుగుతున్నవి.

అక్క ఎడమచేతికి తొడుక్కుంది. నాలుగు వేళ్లు నిండాయి. అయిదోది ఖాళీగా వాలిపోయింది. దాన్ని పట్టుకుని చూపించింది.

“దీన్నేమంటారు సార్, ఇంగ్లీషులో?”

సూపర్‌వైజరు నా వైపు చూశాడు. నేను కలం తీసి, కొట్టేసిన మాటనే మళ్లీ రాశాను. ఈసారి పెద్ద అక్షరాల్లో.