లేడి ఏటంది?

మిట్టమధ్యాహ్నం చర్చి కిటికీలకు దుప్పట్లు కట్టి, పుల్‌పిట్ ముందు తెల్ల పంచె బిగించి, క్రిస్మస్ సినిమా వేశారు.

ముందు వరసలో, పిల్లల మధ్య, జ్ఞానమణి. ఒళ్లో పాత బొమ్మల పుస్తకం. ఆ పుస్తకంలోని కథే సినిమాగా వస్తోందని తెలిసినప్పట్నుంచీ ఆమెకి కాలు ఒకచోట నిలవలేదు.

ఒకప్పుడు ఆమె మిషన్ బంగళాలో ఆయా. దొరగారి అమ్మాయి రూతుని పొత్తిళ్ల నుంచి పెంచింది.

పుస్తకం రూతుదే. రోజూ సాయంత్రం దొరసాని చదివి వినిపించేది. అయినా ఆ పిల్ల పుస్తకం చంకన పెట్టుకుని వంటింట్లోకి వచ్చేసేది.

"ఆయమ్మా, నువ్వు సెప్పు." దొరల పిల్లకి అచ్చం ఆయమ్మ యాసే పట్టుబడింది.

జ్ఞానమణికి ఇంగ్లీషు ముక్క రాదు. అయితేనేం, బొమ్మలున్నాయిగా! మంచులో దారి తప్పిన లేడి క్రిస్మస్ నాడు ఓ ఒంటరి పిల్ల ఇంటికొస్తుంది. ఇద్దరూ ఒకే పళ్లెంలో తింటారు. చివరి బొమ్మలో పిల్ల గుమ్మంలో నిలబడి ఉంటుంది. మంచులో గిట్టల అచ్చులు.

"లేడి ఏటంది?" అనేది రూతు, రోజూ.

"ఎల్లొత్తానంది. ఎల్తాననకూడదు మరి."

అక్షరాల్లో ఉన్నదీ అదేనని జ్ఞానమణి నమ్మకం.

డెబ్భై ఒకటిలో దొరలు కెనడా వెళ్లిపోయారు. జీపెక్కబోతూ ఏడేళ్ల రూతు పుస్తకాన్ని ఆమె చేతిలో పెట్టింది.

"ఎల్లొత్తాను ఆయమ్మా."

పద్నాలుగేళ్లయింది. ఉత్తరం ముక్క లేదు. ఆశకి మాత్రం చావు లేదు కదా. ఏటా క్రిస్మస్‌కి పిండితో గులాబీ పువ్వులు వండి, రెండు రూతుకని డబ్బాలో దాస్తుంది. జనవరి నెలాఖరుకి మెత్తబడిపోతే కోళ్లకేస్తుంది.

తెర మీద గిట్టల అచ్చులు కనబడ్డాయి. పాస్టరు దయాసాగర్ గారు ఇంగ్లీషు మాటలకి మైకులో తెలుగు చెప్పారు.

"ఆ లేడి మళ్లీ ఎన్నడూ రాలేదు."

"తప్పండీ అయ్యగారూ!" జ్ఞానమణి లేచి నిలబడింది. "ఎల్లొత్తానంది!"

చర్చి అంతా గొల్లున నవ్వింది.

సినిమా అయ్యాక పుస్తకం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చివరి పేజీ చదివారు.

"ఇందులోనూ అంతేనమ్మా. మళ్లీ రాలేదనే ఉంది."

"సరిగ్గా సూడండి బాబూ."

మళ్లీ చదివారు. తల అడ్డంగా ఊపారు.

జ్ఞానమణి ఆ పేజీ మీద వేలు పెట్టింది.

"దొరసానమ్మ రోజూ సదివింది ఇదేనాండీ?"

"ఇంకేం చదువుతారమ్మా?"

బయట ఎవరో కిటికీల దుప్పట్లు విప్పుతున్నారు. వెలుతురొచ్చి పేజీ మీద పడింది. ఆమె చాలాసేపు ఆ గిట్టల అచ్చుల్నే చూసింది.

"అయితే రూతుకి తెల్సు" అంది. "తెల్సే ఎల్లొత్తానన్నాది."

ఇంటికొచ్చి డబ్బా మూత తీసింది. గడప మీద కూర్చుని, గులాబీ పువ్వులు రెండూ తనే తినేసింది.

ఇంకా కరకరలాడుతున్నాయి.