యంత్రానికి అర్థమైన తెలుగు

జబ్బుమనిషిని జబ్బుందని రుజువు చెయ్యమనే పెద్దల్లారా, మీ బీమా ఫారానికి ఇరవై రెండు పేజీలున్నాయి, మనిషికి ఒక్కటే ప్రాణం! మీలో ఒక్కడైనా కడుపు పట్టుకుని ఆ ఫారం నింపాడా? నింపి ఉంటే మూడో పేజీలోనే చించి పారేసేవాడు.

చిన్నక్క ఇరవై రెండూ నింపింది. హోటల్ లాండ్రీలో పొద్దంతా నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ, అన్నం తినే అరగంటలో, అక్కడి పెద్దావిడ అర్థం చెబుతుంటే రోజుకు మూడు పేజీల లెక్కన నింపింది. కడుపులో నిమ్మకాయంత గడ్డ. నెలలో ఇరవై రోజులు రక్తం పోతోంది. ఆపరేషన్ తప్పదన్నాడు డాక్టరు. బీమా కార్డు లేకుండా గడప తొక్కొద్దంది ఆస్పత్రి. ఈ పరాయిదేశానికి వలసొచ్చినవాళ్ళకి తక్కువ ధర బీమా ఒకటి ఏడ్చింది గానీ, దానికి ముఖాముఖి ఒక్కసారే. అది తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. ఆగమంటే గడ్డ ఆగుతుందా?

ముఖాముఖికి రమ్మన్న కాగితం ఇక్కడి భాషలో వచ్చింది. లాండ్రీలో పెద్దావిడ అది చదివి, తెలుగులో చీటీ రాసిచ్చింది. "మందుల షాపు పక్క మెట్లెక్కు. ఎనిమిదింటికల్లా ఉండు. అడిగినదానికి జవాబు చెప్పు, ఎదురు ప్రశ్నలు వెయ్యకు."

అలా వచ్చి బల్లకు ఇవతల కూర్చుంది చిన్నక్క. పక్కన మొగుడు టైల్స్ మేస్త్రీ, చొక్కా గుండీలు గొంతుదాకా బిగించుకుని. అవతల కళ్ళజోడావిడ. మధ్యలో అరచేతంత యంత్రం, దాని నెత్తిన ఎర్ర దీపం.

"మీరు తెలుగువాళ్ళేనా మేడం?" చిన్నక్కకు ప్రాణం లేచొచ్చింది.

"నా తెలుగుతో మీకు పనిలేదు. మీరన్నది ఈ యంత్రం ఇక్కడి భాషలోకి మారుస్తుంది. అది రాసుకున్నదే లెక్క. ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం మేడం. నేను, మా ఆయన, మా తమ్ముడు."

"సొంత తమ్ముడా?"

"సొంత తమ్ముడే! మా బాబాయి కొడుకు."

కళ్ళజోడావిడ యంత్రం మీదికి వంగింది. "సొంత తమ్ముడన్నారు, తర్వాత కాదన్నారు. తప్పుడు సమాచారం."

"బాబాయి కొడుకు తమ్ముడు కాకపోతే మేనమామ అవుతాడా?" అన్నాడు మేస్త్రీ.

"మిమ్మల్ని అడగలేదు. మీ నాన్నగారు ఉన్నారామ్మా?"

"పోయారు మేడం."

"ఎక్కడికి?"

చిన్నక్క బిత్తరపోయి వేలు పైకి చూపించింది. "పైకి."

"తండ్రి పై అంతస్తులో ఉంటారు. అయితే ఇంట్లో నలుగురు. ముగ్గురని ఎందుకు దాచారు?"

ఆవిడ జవాబుకి ఆగకుండా పేజీ తిప్పింది.

"ఆరోగ్యం ఎలా ఉంది?"

"మీ దయవల్ల బాగానే ఉంది మేడం."

అనేసి నాలిక కరుచుకుంది. చిన్నప్పటి నుంచి ఎవరడిగినా చెప్పే మాట అది. మర్యాద కూడా రోగమే ఈ ఫారాల లోకంలో!

"ఆరోగ్యం బాగుంది. కారణం, నా దయ," అని చదివింది కళ్ళజోడావిడ. "బాగుంటే ఆపరేషన్ ఎందుకు?"

"మాటవరసకి అన్నాను మేడం. నొప్పి ప్రాణం తోడేస్తోంది."

యంత్రం కాసేపు గింజుకుంది.

"ఎవరో ఏదో తోడుతున్నారట. ఇంట్లో బావి ఉందా?"

"బావా? కుళాయి నీళ్ళకే దిక్కులేదు!" అన్నాడు మేస్త్రీ.

"మీరు ఊరుకోండి. ఆదాయం?"

"ఏం ఆదాయం మేడం! ఇద్దరం గొడ్డుచాకిరీ చేసినా వచ్చింది తిండికే సరిపోతోంది."

"పశువులున్నాయి. ఆదాయం సరిపోతోంది." కళ్ళజోడావిడ తలెత్తింది. "పశువులున్నవాళ్ళకి తక్కువ ధర బీమా ఎందుకివ్వాలి?"

"ఉన్న ఒక్క గదిలో మేమే పట్టం తల్లీ! గొడ్లని ఎక్కడ కట్టెయ్యమంటావు, నెత్తిమీదా?" అని అరిచాడు మేస్త్రీ.

 కళ్ళజోడావిడ తన ముందున్న కాగితం మీద మూలనుంచి మూలకు ఎర్ర సిరాతో ఒక గీత గీసింది.

చిన్నక్క ఆ గీతనే చూసింది. ఏడాది. ఏడాదికి మూడువందల అరవై అయిదు రోజులు. ఆమె రక్తానికి అన్ని రోజులు లేవు. కడుపు చేత్తో నొక్కిపెట్టుకుని లేచింది. అంతలోనూ మర్యాద వదల్లేదు.

"సరే మేడం. వెళ్ళొస్తాం."

"ఆగండి." యంత్రం ఇంకో ముక్క రాసింది. "దరఖాస్తుదారు వెళ్ళిపోతున్నారు. తిరిగి ఎప్పుడొస్తారో చెప్పలేదు. దేశంలో ఉండనివాళ్ళకి బీమా లేదు."

చిన్నక్క బల్లను ఒక్క చరుపు చరిచింది. యంత్రం ఎగిరిపడింది.

"నా కడుపులో గడ్డ ఉంది! నెలలో ఇరవై రోజులు నాకు రక్తం పోతోంది. ఆపరేషన్ చెయ్యకపోతే నేను చచ్చిపోతాను. ఆపరేషన్‌కి నా దగ్గర డబ్బు లేదు. మా నాన్న చచ్చిపోయాడు. ఇంట్లో ముగ్గురమే ఉన్నాం. నాకు పశువులు లేవు. నేను ఈ దేశం వదిలి ఎక్కడికీ వెళ్ళను. నాకు కార్డు కావాలి. ఇవాళే కావాలి!"

"ఊరుకోవే, లోపలేస్తారు," మేస్త్రీ ఆమె చెయ్యి పట్టి లాగాడు.

"వెయ్యనీ! జైల్లోనైనా డాక్టరుంటాడు."

కళ్ళజోడావిడ యంత్రాన్ని దగ్గరికి లాక్కుంది. అది రాసుకున్నదంతా పై నుంచి కిందిదాకా ఒక్కో వాక్యం వేలుపెట్టి చదివింది. ఎక్కడా ఒక్క ముక్క తప్పుపోలేదు. దీపం ఆర్పి, కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

"మీ లాండ్రీ పెద్దావిడ నిన్ను ముందు నా దగ్గరికి పంపింది ఈ సాధన కోసమే. పద తల్లీ, ఇప్పుడిదే మాట అవతలి వీధిలో ఉన్న అసలు ఆఫీసులో చెప్పు!"