పక్క కుర్చీ

"ఇక్కడ కూర్చోవచ్చా?"

ప్రమోద తలెత్తి చూసింది. డెబ్భై ఏళ్ళ తెల్లావిడ. తలకు పూల గుడ్డ కట్టుకుంది. ఇంగ్లీషు తడబడుతోంది.

"సారీ అండీ. మావాళ్ళు వస్తున్నారు."

వచ్చేవాళ్ళెవరూ లేరు. విడాకులయ్యాక ప్రమోద తను ఉంటున్న క్యారీ ఊళ్ళో ఎవరినీ దేనికీ పిలవడం మానేసింది. అయినా అబద్ధం నోట్లోంచి జారిపోయింది. హ్యాండ్‌బ్యాగ్ తీసి పక్క కుర్చీలో పెట్టింది.

ముసలావిడ నవ్వి, టెంటు బయటికి వెళ్ళి ఎండలో నిలబడింది.

నీడ కోసం వచ్చినట్టుంది పాపం, అనుకుంది ప్రమోద.

ఆ రోజు జూలై నాలుగు, అమెరికా స్వాతంత్ర్య దినం. ఆ పార్కులో అరవై మంది అమెరికా పౌరులు కాబోతున్నారు. ఒక్కో దేశం పేరు చదువుతుంటే ఆ దేశం వాళ్ళు లేచి నిలబడుతున్నారు.

వియత్నాం అనగానే సూటు వేసుకున్న తాతగారొకాయన మనవరాలి చెయ్యి పట్టుకుని లేచాడు. మెక్సికో అనగానే, ఇళ్ళకు కప్పులు వేసే అన్నదమ్ములు ముగ్గురూ ఒక్కసారే లేచారు. వాళ్ళమ్మ ఏడ్చేసింది. ఎరిత్రియా నర్సు కోసం ఒక వరసంతా ఈలలు వేసింది.

ఎన్ని ముఖాలు, ఎన్ని యాసలు. ప్రమోదకు గుండె నిండిపోయింది.

"ఇండియా."

ప్రమోదతో కలిపి ఆరుగురు లేచారు. ఐదుగురిని పేరు పెట్టి పిలుస్తూ వాళ్ళవాళ్ళు కేకలు వేశారు. ప్రమోద తల దించుకుంది.

"ప్రొమోదా" అని వెనక నుంచి ఎవరో గొంతెత్తి పిలిచారు.

తిరిగి చూసింది. ఎండలో ఆ ముసలావిడ. రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతోంది.

ప్రమాణం పూర్తయింది. ప్రమోద గబగబా అటు వెళ్ళేసరికి ఆవిడ లేదు.

రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర వాలంటీరుగా ఉన్న తెలుగమ్మాయి ఇషా కాగితాలు సర్దుతోంది.

"తలకు గుడ్డ కట్టుకున్నావిడ ఎవరమ్మా? నా పేరు ఎలా తెలుసు?"

"మిస్ ఆమ్రా, ఆంటీ. వార్ టైమ్‌లో బోస్నియా నుంచి వచ్చింది. ఫ్యామిలీలో ఎవ్వరూ మిగల్లేదు. ఓత్ తీసుకున్నప్పుడు తనకి ఎవ్వరూ క్లాప్ చేయలేదంట. సో, ఎవ్రీ ఇయర్ వస్తుంది. గెస్ట్ లేనివాళ్ళ పేర్లు మా దగ్గర అడిగి, వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటుంది."

ప్రమోద టెంటు కింద తన పక్క కుర్చీ వైపు చూసింది.

"మరి ఈసారి... ఇంకెవరి పక్కనైనా కూర్చుందా?"

ఇషా లిస్టు చూసి, మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"లేదు ఆంటీ. ఈ ఇయర్ గెస్ట్ లేనిది మీకొక్కరికే."