ఆఖరివాళ్ళెవరు?

“ఆఖరివాళ్ళెవరు?” అని అడిగేసింది రిమ్మా యెగోరోవ్నా. వరస కనబడితే చాలు, ఆ మాట ఆవిడ నోట దానంతటదే వస్తుంది. ఏ సరుక్కైనా వరసలో నిలబడాల్సిన సోవియట్ కాలంలో పెరిగిన ప్రాణం మరి. అడిగాక గానీ, ఆ వరస మలుపు తిరిగి తమ పార్టీ గది తలుపు దాకా ఉందని గమనించలేదు.

“నేనే. నా వెనక నిలబడండి,” అన్నాడు తాడుసంచీ పట్టుకున్న ముసలాయన.

“ఏమిస్తున్నారు?”

“తెలీదు. ఇంతమంది నిలబడ్డారంటే ఏదో మంచిదే అయ్యుంటుంది.”

రిమ్మాకు తలా తోకా అర్థం కాలేదు. సోవియట్ రోజులు మళ్ళీ తెస్తామనే ఆ చిన్న పార్టీకి కినేష్మా ఊళ్ళో ఆవిడే కార్యదర్శి. మే డేకి పిలిచినా నలుగురు రారు. మనుషుల్లేని శాఖకు గది దండగంటూ మాస్కో పెద్దలు కన్నెర్ర చేశారు. సంగతి తేల్చడానికి ఈ మధ్యాహ్నం ఒకాయన్ను పంపుతామన్నారు. మొగుడు పోయాక ఆవిడకు మిగిలింది ఆ గదే. అదీ పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో ఆవిడకు తెలియదు.

“బూట్లట!” అంది ముందున్న లావుపాటావిడ.

“కాదు, పంచదార. చవగ్గానట,” అన్నాడు ఇంకొకాయన.

రిమ్మా గబగబా తాళంచెవి బయటికి తీసింది. కొంపదీసి తనకు చెప్పకుండానే గదిని ఏ దుకాణానికో ఇచ్చేశారా?

“జరగండి, జరగండి! నేను పార్టీ కార్యదర్శిని. అది మా గది!”

“అలాగా! నేను వ్యోమగామిని,” అన్నాడు ముసలాయన. “వరసలో రా తల్లీ.”

“ఇదిగో తాళంచెవి, చూడండి!”

“మా ఇంటి తాళంచెవి నా దగ్గరా ఉంది,” అంది లావుపాటావిడ. అందరూ గొల్లుమన్నారు.

రిమ్మా సిగ్గుపడి వెనక్కి తగ్గింది. వరస తప్పేవాళ్ళను ఒకప్పుడు తనే కోటు పట్టి వెనక్కి లాగి, నానా మాటలూ అనేది. ఇప్పుడు ఏ మొహంతో దూరుతుంది? వెనక ఎవరో వచ్చి ఏమిస్తున్నారని అడిగితే, “బూట్లట,” అని చెప్పింది కూడా. చెప్పాక తన మీద తనకే ఒళ్ళు మండింది.

వరస మాత్రం అంగుళం కదల్లేదు. కాళ్ళు కొయ్యబారాయి. మాస్కో మనిషి వచ్చే వేళవుతోంది. పోతే పోయింది గది, దాన్ని కొట్టేసినవాడి మొహమైనా చూడాలనుకుని, మోచేతులతో పొడుచుకుంటూ, తిట్లు తింటూ తలుపు దాకా వెళ్ళింది.

తలుపు మూసే ఉంది. పార్టీ బోర్డూ అలాగే ఉంది. ముందు నిలబడ్డ సన్నపాటి మనిషి చలికి ముక్కు ఎర్రబడి, వెనకున్న జనాన్ని మాటిమాటికీ తిరిగి చూస్తున్నాడు. ఆయన మొహంలోనూ అయోమయమే.

“ఏం బాబూ, మొదటివాడివి నువ్వేగా! ఇంతకీ ఇక్కడ ఏమిస్తున్నారో నువ్వైనా చెప్పి చావు!”

“మాస్కో నుంచి పెందలాడే వచ్చేశానండీ, తాళం తీస్తారని నిలబడ్డాను.”